సముద్రానికి సున్నం వేశారు

ఈ రోజు భిలాయ్‌లో నా అంత అదృష్టవంతుడు లేడనుకుంటూ బయలుదేరాను. భూగర్భశాస్త్రం చదువుతున్న మా అమ్మాయి లలిత, తన పరిశోధన చూపిస్తానని మొదటిసారి నన్ను వెంట తీసుకెళ్ళింది. రోడ్డు కోసం గుట్టను కోస్తే బయటపడ్డ రాతిగోడ అది. ఒక్కో పొరా కొలిచి, బొమ్మ గీసి, ఆ పొర పేరుకున్ననాడు అక్కడ ఎలాంటి నీళ్ళుండేవో చెప్పాలట. గోడ పైసగం కొలవడం ఇంకా మిగిలే ఉంది.

తీరా వెళ్తే గోడంతా తెల్లగా మెరిసిపోతోంది. పక్కనే మా ఖుర్సీపార్ పేటలో ఉండే రోడ్డుపనుల అప్పారావు, చేతిలో సున్నం బకెట్.

"ఏటి చేసీసినావు భయ్యా!" అంది లలిత.

"రేపు బడా సాబ్ ఈ రోడ్డునే ఒస్తన్నాడమ్మా. గోడంతా చారలు చారలుగా మురికిగా ఉంటే రెండు పూతలేసీసినాం. బాగుంది కదేటి బాబాయ్?"

లలిత రాయి ముక్కతో గీకి, జానెడు మేర సున్నం వదిలించింది. తడి ఇసుక మీద అలలు వదిలే మడతలు రాతిలో కనిపించాయి.

"ఇక్కడ మోకాల్లోతు సముద్రం ఉండీది నాన్నా," అంది, ఆ మడతల మీద వేలు పెట్టి.

నా బంగారుతల్లి! సముద్రాన్ని చూపించిందని గుండె పొంగింది, మరుక్షణమే మండింది. వానలు కడిగేదాకా దాని చదువు గడువు ఆగదు.

సున్నపురాయి కూడా పాత సముద్రం అడుగేనట. దాన్ని కాల్చి సున్నం చేసి, మళ్ళీ సముద్రం మీదే పూశాం. సాబ్ కారు అద్దమైనా దించుతాడో లేదో!

మీ ఊళ్ళో సాబ్ వస్తే దేనికి సున్నం వేస్తారు?