పోటీకెళ్ళిన డోలీ కర్ర

ముందే చెప్పేస్తున్నాను, ఇందులో ఒక కాలు రెండుసార్లు విరుగుతుంది. ఆ కాలు నాది కాదు. నాదైతే ఇంత తీరిగ్గా, మీ ముందు ఇంత హుషారుగా చెప్పుకొచ్చేవాణ్ణి కాదు. కాలు మా మేనత్త దాలిమ్మది. మొదటిసారి దాన్ని విరగ్గొట్టింది కొండ. రెండోసారి విరగ్గొట్టింది నా కళ. మీలో కళాకారులెవరైనా ఉంటే కాస్త గుండె చిక్కబట్టుకుని చదవండి.

అమ్మ పోయాక నన్ను పెంచింది అత్తే. కాఫీ పళ్ళు కోసుకుంటూ, చోడి అంబలి పోస్తూ, పోసిన ప్రతి గిన్నెకీ ఒక తిట్టు కలుపుతూ పెంచింది. మా ఊరు కొండ మీద ఉంటుంది. జీపు ఆగిన చోటి నుంచి కాలిబాట, మధ్యలో ఒక గెడ్డ, ఆ నీళ్ళు దాటాక నిటారుగా ఎక్కుడు. రోడ్డు వస్తుందని నేను లాగూ వేసుకున్నప్పటి నుంచీ చెబుతున్నారు. అది వచ్చేదాకా జబ్బు మనిషికైనా, నొప్పులొచ్చిన ఆడమనిషికైనా డోలీయే గతి. కర్రకి దుప్పటి రెండు కొసలూ కట్టి, అందులో మనిషిని పడుకోబెట్టి, ఇద్దరు భుజాలకెత్తుకుని కిందికి దిగిపోతారు.

ఆ కర్ర ఊరంతటికీ ఒకటే. ఊరిపెద్ద పెద్దనాయుడు తాత ఇంటి చూరు కింద వేలాడుతూ ఉండేది. బాగా ముదిరిన వెదురు. ఏళ్ళ తరబడి పొయ్యి పొగకీ, మోసినవాళ్ళ చెమటకీ నున్నబడి, నల్లటి తేనె రంగులో మెరిసేది. దాని మీద బట్టలారేయకూడదు. దానికి మేకని కట్టకూడదు. దాన్ని దాటి నడవకూడదు. ఇన్ని కూడదులు ఉన్నాయి గానీ, దాన్ని దొంగిలించకూడదని మాత్రం ఎవరూ చెప్పలేదు. అంత వెధవ పని చేసేవాడు మా ఊళ్ళో పుడతాడని ఎవరూ అనుకోలేదు మరి.

నాకు చదువు పదో తరగతిలో ఆగిపోయింది. తర్వాత చదువంతా ఫోన్లోనే. ఊరి పైన బండరాయి ఎక్కితే సిగ్నల్ వచ్చేది. అక్కడ కూర్చుని, చేత్తో వస్తువులు చేసేవాళ్ళ వీడియోలు చూసి చూసి నేనూ కళాకారుణ్ణయిపోయాను. అత్త విత్తనాలు దాచుకునే ఆనపకాయ బుర్రకి చిల్లులు పొడిచి దీపం చేశాను. కొండచీపురు పుల్లలతో నెమలిని చేసి గుమ్మంలో నిలబెట్టాను.

"ఇదేటిరా?" అంది అత్త.

"నెమలత్తా."

"ఎప్పుడు సచ్చిపోనాది?"

ఇంట్లో ఆదరణ ఇలా ఉన్న రోజుల్లో, ఒకనాడు సంతలో ఆటో మైకులో వినబడింది. మండల కేంద్రంలో ఉత్సవాలట, చేత్తో చేసిన వస్తువులకి పోటీలట, బహుమతులట, ముఖ్య అతిథి వస్తున్నారట. నేను ఉప్పు కొనడం మర్చిపోయి ఇంటికొచ్చేశాను. ఆ రాత్రి నిద్రపట్టలేదు. తెల్లారేసరికి లోకంలో ఎవరికీ రాని ఆలోచన వచ్చింది. ఎవరికీ ఎందుకు రాలేదో ఇప్పుడు తెలుస్తోందనుకోండి.

ఆధునిక డోలీ. ఎండకి పైన గొడుగు. దోమతెర. తలకింద దిండు. సెలైన్ సీసా తగిలించడానికి హుక్కు. పడుకున్న మనిషి దారిలో వీడియోలు చూసుకోవడానికి ఫోను స్టాండు. విషం తాగినవాడు కూడా ఇందులో ఎక్కితే ఇంకాస్త దూరం మొయ్యమంటాడని నా నమ్మకం.

అన్నీ కుదిరాయి గానీ కర్ర కుదరలేదు. కొత్త వెదురు కొట్టి తెచ్చాను. పచ్చగా, పల్చగా, బట్టలారేసుకునే దండెంలా ఉంది. ఎంత తోమినా మెరవలేదు. అప్పుడు నా కళ్ళు నాయుడు తాత చూరు మీద పడ్డాయి. ఉత్సవం అయిపోగానే తెచ్చి పెట్టేస్తాను కదా, ఈలోపు ఎవరికేమవుతుంది అనుకున్నాను. అడిగితే ఇవ్వరు. అందుకని అడగలేదు.

దాని చోట ఏదో ఒకటి ఉండాలి కదా. ఆ పచ్చి వెదుర్నే మంట మీద తిప్పి తిప్పి కాల్చాను. మసి, ఆముదం, పసుపు కలిపి రుద్దాను. భుజాలకి ఒరుసుకుపోయిన చోట్లు కత్తితో గీకాను. పాత కర్రకి ఒక గణుపు దగ్గర నల్లటి మచ్చ ఉంటే, అదీ దించేశాను. చీకట్లో తీసుకెళ్ళి చూరు కింద కట్టేశాను. పొద్దున్న నాయుడు తాత దాని కిందే కూర్చుని చుట్ట కాల్చాడు. లేస్తూ, అలవాటు కొద్దీ దాన్ని ఒకసారి నిమిరాడు కూడా. అనుమానం రాలేదు. నా జన్మకి నేను చేసిన గొప్ప కళాఖండం అదే. పోటీకి పెట్టాల్సింది దాన్ని. నాకది తట్టలేదు.

"సేతులకేటిరా అంత మసి?" అంది అత్త.

"పన్లో ఉన్నానత్తా."

"పనా? నీకా?" అని కాసేపు నా వైపే చూసింది. ఆవిడ చూపుకి నేను ఎప్పుడూ ఆగలేను. అసలు కర్రని గోనె సంచుల్లో చుట్టుకుని, ఎవరూ లేవకముందే కొండ దిగిపోయాను.

ఉత్సవంలో నాకొక బల్ల ఇచ్చారు. కర్రకి వార్నిష్ కొట్టి, హుక్కుకీ స్టాండుకీ చిల్లులు పెట్టి, రెండు గుంజల మీద డోలీ వేలాడదీశాను. న్యాయనిర్ణేతలు వచ్చారు, ఒక మేడమ్, ఒక సారు.

"ఊయల చాలా బాగుంది. హోమ్‌స్టేలో పెడితే టూరిస్టులు ఎగబడతారు," అన్నారు మేడమ్.

"ఊయల కాదు మేడమ్, డోలీ. జబ్బు మనిషిని మోయడానికి."

"మరి ఈ హుక్కు? పూలకుండీకి కాదా?"

"సెలైన్ సీసాకండి."

మేడమ్ రాయడం ఆపేశారు. సారు నా భుజం మీద చెయ్యి వేసి, "కొంచెం సంతోషంగా ఉండే వస్తువేదైనా చెయ్యొచ్చు కదమ్మా," అన్నారు. వాళ్ళు పక్క బల్ల మీది పూసల దండల వైపు వెళ్ళిపోతుంటే నాకు ఒళ్ళు మండిపోయింది. కళ తెలియని మనుషులు అనుకున్నాను.

మర్నాడు ముఖ్య అతిథి వచ్చే వేళకి కామేశు కనబడ్డాడు. కామేశు మా ఊరివాడు, నా ఈడువాడు, డోలీ మోయడంలో అందరికన్నా ముందుండేవాడు. జెయింట్ వీల్ పక్కనుంచి జనాన్ని తోసుకుంటూ వస్తున్నాడు. నడుం దాకా తడిసి ఉన్నాడు. భుజం దోక్కుపోయి ఉంది.

"ఒరే బొంజుబాబూ, మీ అత్త తోటలో జారి పడిపోనాది. కాలిరిగిపోనాది. డాక్టర్లంతా ఈడే ఉన్నారన్నారు, జీపులో ఈడికే తెచ్చీసినాం."

"ఎలాగుందిరా?"

"ఇంకా ఉందిరా, ఇను. గెడ్డ మద్దెకొచ్చీసరికి డోలీ కర్ర పుటుక్కున ఇరిగిపోనాది. నానెరిగి అది కిర్రుమనలేదు ఎప్పుడూ. మీ అత్త ఎల్లి రాయి మీద పడిపోనాది. అదే కాలు. ఇంకో కాడ ఇరిగింది. ఆడనుంచి దుప్పటి కొసలట్టుకుని జీపు దాకా మోసినాం."

నేను నా డోలీ కర్రకి అడ్డంగా జరిగి నిలబడ్డాను.

"లోపల పచ్చిగున్నాదిరా కర్ర," అన్నాడు కామేశు. "అంత పాత కర్ర పచ్చిగెలాగుంటాది? నాయుడు తాత ఏదో గాలి సోకిందంటన్నాడు."

ఇక్కడ మీరు నవ్వుకోండి, ఫర్వాలేదు. నాకు మాత్రం అత్త చచ్చిపోతుందేమోనని భయం వేసింది. కామేశుకి తెలిసిపోతుందేమోనని అంతకన్నా భయం వేసింది. ఈ రెండో భయం తల్చుకుంటే ఇప్పటికీ నా మొహాన నేనే ఉమ్మేసుకోవాలనిపిస్తుంది.

వైద్య శిబిరం గుడారంలో అత్త ప్లాస్టిక్ కుర్చీలో ఉంది. కాలికి అట్టముక్కలు పెట్టి కట్టారు. డాక్టరు సూది వేసి, "వెంటనే పెద్దాసుపత్రికి వెళ్ళాలి. అంబులెన్సు గేటు బయటుంది, ఈ జనంలో లోపలికి రాలేదు. ఇక్కడున్న స్ట్రెచరు ఇందాకే ఇంకొకరితో వెళ్ళింది. మీరే ఎలాగో అక్కడి దాకా తీసుకెళ్ళండి," అన్నాడు.

ఎలాగో ఎందుకు? పక్కనే నా డోలీ ఉంది కదా. కామేశూ నేనూ కుర్చీతో సహా అత్తని ఎత్తుకెళ్ళి, డోలీలో పడుకోబెట్టాం. పట్టు కోసం అత్త చెయ్యి పైకెత్తి కర్ర పట్టుకుంది. వేళ్ళు వార్నిష్ మీద కాసేపు తడుముకున్నాయి, భుజాలకి ఒరిసిన చోట ఆగాయి.

"ఇది మన కర్ర కాదేట్రా?"

"ఊఁ."

"మరి నాను పడిపోయింది ఏటి మీంచి?"

"నాను సేసిందత్తా."

అత్త కళ్ళు మూసుకుంది. "బాగా సేసినావు," అంది.

కామేశు నా వైపు ఎలా చూశాడో నేను రాయను. ఇద్దరం కర్ర భుజాలకెత్తుకున్నాం. ఇంతలో మెడలో బ్యాడ్జీ వేసుకున్న నిర్వాహకుడొకాయన అడ్డొచ్చాడు.

"తమ్ముడూ, వస్తువు కదపకూడదు. సార్ వచ్చేస్తున్నారు."

"ఈవిడకి కాలిరిగిందండి. నిజంగా."

"సార్ చూసి వెళ్ళిపోగానే తీసుకెళ్ళు. ఎంతసేపు?"

మేం ఇంకో మాట అనేలోపే కెమెరాలు, గొడుగులు, గన్‌మెన్, మధ్యలో ముఖ్య అతిథి. అందరూ మా చుట్టూ గుమిగూడిపోయారు. ఆయన నన్నూ, కామేశునీ, డోలీలో మెలికలు తిరుగుతున్న అత్తనీ చూసి అలాగే నిలబడిపోయారు.

"అబ్బ, ఎంత సహజంగా ఉందండీ," అన్నారు. "చూడండి, గెడ్డ దాటినట్టు ప్యాంటు కూడా తడుపుకొచ్చాడు కుర్రాడు. అమ్మా, ఏదీ, కొంచెం మూలుగమ్మా."

అత్త మూలిగింది. ఆయన అడక్కపోయినా మూలిగేదే.

"పూర్వం మన కొండల్లో ఇలాగే మోసుకొచ్చేవాళ్ళు," అని ఆయన మైకులో చెప్పారు. "ఆనాటి కష్టాలు ఈ తరానికి తెలియాలి. వీళ్ళ ప్రదర్శనకి ప్రత్యేక బహుమతి ప్రకటిస్తున్నాను."

చప్పట్లు మోగిపోయాయి.

"ఏటంటన్నాడ్రా?" అంది అత్త.

"నువ్వు బాగా సేత్తన్నావంటన్నాడు."

"ఏటి సేత్తన్నాను?"

"మూలగడం."

నోరు తెరిచి ఇది నాటకం కాదని అరవడానికి నాకు ఎంతసేపు పడుతుంది చెప్పండి? అరవలేదు. బహుమతి అన్న మాట చెవినపడింది, కెమెరా నా వైపు తిరిగింది. పేపర్లో వచ్చిన ఫోటో మా ఊళ్ళో ఇప్పటికీ ఉంది. అందులో అత్త పళ్ళు బిగబట్టి ఉంది. కామేశు చలికి వణుకుతున్నాడు. ముందు కొస మోస్తున్నవాడు, అంటే నేను, పెళ్ళికొడుకులా నవ్వుతున్నాను.

నటనకి ప్రత్యేక బహుమతిగా ప్రెషర్ కుక్కర్ తెచ్చి, అత్త పొట్ట మీద పెట్టారు. నా డోలీకి కన్సొలేషన్ బహుమతి వచ్చింది. ఉపయోగం ఏమిటో స్పష్టంగా లేదని న్యాయనిర్ణేతలు అన్నారట. ఆ నిరుపయోగమైన వస్తువులోనే, ఆ కుక్కర్‌తో సహా, అత్తని అంబులెన్సు దాకా పరుగెత్తించాం.

పెద్దాసుపత్రిలో నర్సమ్మ అడిగింది, ఒకే కాలు రెండు చోట్ల ఎలా విరిగిందని. "ఒకపాలి కొండ పడేసింది, ఒకపాలి మా అల్లుడు పడేసినాడు," అంది అత్త. నర్సమ్మ రాసుకోలేదు గానీ నా వైపు చూసి, మందుల చీటీ కామేశు చేతికిచ్చింది.

కట్టు వేయించుకుని తిరిగొచ్చిన రోజు జీపు ఆగిన చోట డోలీ సిద్ధం చేశాను. గొడుగు విప్పాను. దిండు దులిపాను. అత్త దాన్ని కిందా మీదా చూసింది.

"నీ సేతి పని నానెక్కను."

"కర్ర మన పాతదే కదత్తా."

"దానికి బొక్కలెట్టింది నువ్వే కదా."

నిజమే. ఫోను స్టాండు కోసం పెట్టిన చిల్లు దగ్గర సన్నటి బీట అప్పటికే బారింది. ఇక చేసేదేముంది, కర్ర కామేశుకిచ్చి, అత్తని నా వీపు మీద ఎక్కించుకున్నాను. కట్టు కాలు నా పక్కనుంచి ముందుకి పొడుచుకొచ్చింది. కుక్కర్ వదలనంది, అది అడుగడుక్కీ నా చెవికి తగులుతోంది. గెడ్డ మధ్యకి వచ్చేసరికి, విరిగిపోయిన నా కళాఖండం సగం ముక్క రాళ్ళ మధ్య ఇరుక్కుని కనబడింది. మసి అంతా కడుక్కుపోయి పచ్చగా ఉంది. నాకు ఏడుపు ఆగలేదు. వెనకనున్న మనిషికి నా మొహం కనబడదులే అనుకున్నాను గానీ, వీపు అదురు తెలిసిపోయింది.

"ఏడిస్తే ఏడు గానీ కుదపకు," అంది అత్త. "కాలు లాగేత్తంది. బేగి నడు."

ఊళ్ళో పెద్దనాయుడు తాత కర్ర తీసుకుని, చిల్లులన్నిట్లోనూ వేలు పెట్టి చూశాడు. తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది. కొత్త వెదురు కొట్టించి చూరు కింద కట్టించాడు. అది పొగకి ముదిరి, మనిషి బరువు ఆపేదాకా ఊళ్ళో ఎవరికి బాగోకపోయినా బొంజుబాబు వీపే డోలీ అని తీర్పు చెప్పాడు. అప్పటి నుంచి జ్వరాలవాళ్ళని మోశాను. వాంతులవాళ్ళని మోశాను, ఆ సంగతి వివరించను. కామేశుని కూడా ఒకసారి మోశాను. వాడు దారి పొడుగునా "కొంచెం నవ్వరా" అంటూనే ఉన్నాడు.

అత్త కాలు అతికింది గానీ సరిగ్గా అతకలేదు. కుంటుతుంది. కొండ విరగ్గొట్టిన చోట బాగానే ఉందట, నేను విరగ్గొట్టిన చోటే చలికి పీకుతుందట.

కాబట్టి, పాఠక మహాశయులారా, నా వీపు మీద ఇప్పటిదాకా ఎక్కిన సమస్త రోగుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో ఏ పోటీకీ ఏ వస్తువూ చెయ్యను. ఎవరైనా నన్ను ఫోటో తీస్తామంటే, నేను మోస్తున్నది ఎవరినో ముందు వెనక్కి తిరిగి చూసుకుంటాను. నవ్వాలో వద్దో ఆ తర్వాత ఆ మనిషినే అడుగుతాను.