రాజ్యం లారీ ఎక్కిన రోజు

పేపర్లో జిల్లా పేజీ అడుగున వచ్చిన చిన్న వార్త చూసి ఈ ప్రయాణం పెట్టుకున్నాను. నర్సీపట్నం అవతల, కొండల మొదట్లో ఉన్న చిన్న జూ పార్కులో మిగిలిన ఒక్క ఏనుగునూ అడవిలోని ఏనుగుల శిబిరానికి పంపించేస్తున్నారనీ, ఇకమీదట అక్కడ ఏనుగుల్ని ఉంచరనీ ఆ వార్త. నాకు జూలంటే మొదట్నుంచీ పడదు. బోనులో జంతువును చూస్తే సరదా కన్నా చిరాకే ఎక్కువ కలుగుతుంది, ఆ చిరాకు పక్కవాళ్ల మీద చూపిస్తానని మా ఇంట్లో వాళ్లు నన్ను జూకి పిలవడం కూడా మానేశారు. అలాంటి నేను ఒక మంచి పని జరుగుతుంటే కళ్లారా చూద్దామని ఒక్కదాన్నే బయల్దేరాను.

విశాఖ ఆర్టీసీ కాంప్లెక్స్‌లో పొద్దున్నే ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మూడు గంటల్లో, కాస్త అటూ ఇటూగా, నర్సీపట్నంలో దిగుతాం. ఆడవాళ్లు ఆధార్ కార్డు దగ్గర పెట్టుకుంటే టికెట్టుకి డబ్బులుండవు, కాకపోతే సీటు కూడా ఉండదు. అనకాపల్లి దాటే దాకా నిలబడే ఉన్నాను. తాళ్లపాలెం దగ్గర బస్సు హైవే వదిలి కుడివైపు తిరిగాక ఖాళీ అయింది. కిటికీ పక్కన కూర్చుంటే చెరకు తోటలు, వాటి వెనక జీడి తోటలు, వాటన్నిటి మీదా వర్షానికి సిద్ధంగా ఉన్న మబ్బు. ఆ మబ్బు సాయంత్రం దాకా కురవలేదు, తొలగనూ లేదు.

బస్టాండ్ ఎదురు సందులో ఉన్న టిఫిన్ హోటల్లో పెసరట్టు బాగుంటుంది, ముప్ఫై అయిదు రూపాయలు. అక్కడే నా ఎదురుగా ఒక పెద్దాయన కూర్చుని టీ తాగుతున్నారు. పక్కనే తువ్వాల్లో చుట్టిన పెద్ద బెల్లం దిమ్మ. నా నోరు ఊరుకోదు కదా.

"ఏంటి బాబాయ్ గారూ, ఇంట్లో పెళ్లా?" అన్నాను.

"కాదమ్మా, ఏనుక్కి" అన్నారాయన.

ఆయన పేరు నూకరాజు. ఆ జూలోనే ఏనుగు కాపరిగా పని చేసి రిటైరయ్యారు. ఏనుగు పేరు రాజ్యం. లారీ మీద పెట్టిన ఇనప గదిలోకి అది ఎక్కడం లేదట. ఇన్నాళ్లుగా మేత లోపల పెట్టి అలవాటు చేయాలని చూసినా ముందుకాళ్లు పెట్టి వెనక్కి వచ్చేస్తోందట. అందుకని పాత కాపరిని కబురుపెట్టి పిలిచారు.

"ఎక్కకపోతే ఏం చేస్తారు?" అని అడిగాను.

"మత్తు సూదేస్తారంట. ముసిల్ది, కాళ్లు వాసిపోయున్నాయి. సూదేస్తే మళ్లీ లేస్తాదో నేదో డాక్టరమ్మే సెప్పనేకపోతంది" అన్నారు. టీ గ్లాసు పక్కన పెట్టి బెల్లం చుట్టిన తువ్వాలు ముడి మళ్లీ బిగించారు.

చింతపల్లి రోడ్డులో వెళ్లే షేర్ ఆటో ఎక్కాం. మనిషికి ముప్ఫై, నిండితే గాని కదలదు. జూ గేటు దగ్గర దిగుతామంటే డ్రైవర్ వెనక్కి తిరిగి చూశాడు.

"ఇయాల జూ లేదండీ, మూసీసినారు. ఏనుగుని అంపీస్తన్నారంట. అదెల్లిపోతే ఇంకెవుడొస్తాడండీ ఇటు? నెమళ్లు సూడ్డానికి జూ దాకా ఎందుకు, మా కళ్లంలోనే తిరుగుతాయి."

"నువ్వు పోనీరా బాబూ బేగి. ఈ అమ్మ నాతో వత్తాది" అన్నారు నూకరాజు గారు. అలా నేను ఆయన మనిషినైపోయాను.

దారిలో ఆయన ఒక సంగతి చెప్పారు. రాజ్యానికి ఒకప్పుడు సుందరి అనే తోడు ఏనుగు ఉండేది. ఒక రాత్రి ఏనుగుల శాలలో పడిపోయి, తెల్లారేసరికి చచ్చిపోయింది. ఆ రోజు నుంచి రాజ్యం శాల గుమ్మం తొక్కలేదు. ఎండలో, వానలో బయటే నిలబడేది.

"ఏటి సెయ్యాల? నానే ముందు లోపలికెల్లి మంచం ఏసుకుని పడుకున్నాను. సూసి సూసి అదీ వొచ్చింది. అప్పట్నుంచి దానికదే అలవాటు తల్లీ. ఏ గుమ్మమైనా నాను ముందెల్లాల. నాను లోపలుంటే అక్కడ భయం నేదని దాని నమ్మకం."

ఆయన రిటైరయ్యాక అది మళ్లీ బయటే ఉంటోందట. ఈ విషయం చెప్పేటప్పుడు ఆయన రోడ్డు వైపు చూస్తున్నారు.

గేటు దగ్గర నన్ను ఎవరూ ఏమీ అడగలేదు. లోపల సగం బోనులు ఖాళీ. పులిది ఎప్పుడో ఖాళీ అయిందట, సింహం ముసలిదై చచ్చిపోయిందట, వాటి స్థానంలో మళ్లీ తేలేదు. కొన్నిచోట్ల మాత్రం కొత్తగా వల కట్టి, మొక్కలు నాటి, నక్షత్ర తాబేళ్లనీ కుందేలంతే ఉండే మూషిక జింకల్నీ పెట్టారు. జూ డాక్టరమ్మ నెమ్మదస్తురాలు, విసుక్కోకుండా చెప్పింది. ఇకమీదట ఈ కొండల్లో బతికే చిన్న జీవాల్నే ఉంచుతారట. ఏనుగుకి రోజంతా నడిచే నేల కావాలి, మాట్లాడుకోవడానికి మరో ఏనుగు కావాలి, ఆ రెండూ ఇక్కడ ఎప్పటికీ ఇవ్వలేమంది. శిబిరంలో నాలుగు ఆడ ఏనుగులు ఉన్నాయట, పక్కనే ఏరు ఉందట. నేను ఇన్నేళ్లుగా అందరితో వాదించే మాటలే ఆవిడ నోట విన్నాను. సంతోషించాల్సింది పోయి, ఎందుకో దిగులు పట్టుకుంది.

నన్ను గడ్డి షెడ్డు పక్కన కదలకుండా కూర్చోమన్నారు. మట్టితో వాలుగా పోసిన దిబ్బ లారీ మట్టానికి ఆనింది. రాజ్యం దానికి కాస్త దూరంలో, ఒక కాలు ఎత్తి ఇంకో కాలి మీద బరువు మారుస్తూ నిలబడి ఉంది. నూకరాజు గారు బెల్లం దిమ్మ ఇనప గదిలో పెట్టించి, తువ్వాలు భుజాన వేసుకుని, చెప్పులు విడిచి దగ్గరికి వెళ్లారు. పిలవలేదు. అది తొండంతో ఆయన మెడ, చొక్కా జేబు, అరచేతులు వరసగా తడిమింది. తర్వాత తొండం ఆయన భుజం మీద వేసి అలాగే ఉండిపోయింది. ఆయన దాని దవడ కింద నిమురుతూ ఏదో చెప్పారు, నాకు వినపడలేదు.

తర్వాత ఆయన వెనక్కి చూడకుండా దిబ్బ ఎక్కి ఇనప గదిలోకి వెళ్లిపోయారు. లోపలి నుంచి ఒక్క మాట వినిపించింది. "రాయే."

రాజ్యం దిబ్బ ఎక్కింది. తొండంతో ఇనప నేలను తట్టి చూసింది. ముందుకాళ్లు పెట్టి ఆగింది. తర్వాత వెనక కాళ్లు కూడా లోపలికి వెళ్లాయి. పట్టాల్లో ముందే నూనె పోసి ఉంచిన జూ కుర్రాళ్లు వెనక తలుపు చప్పుడు లేకుండా దించేశారు.

ఆ గదికి ముందువైపు మనిషి పట్టే చిన్న తలుపు ఉంది. డాక్టరమ్మ దాని దగ్గరికి వెళ్లి, "నూకరాజు గారూ, వచ్చేయండి" అంది. ఆయన రాలేదు. మళ్లీ పిలిచింది. కాసేపటికి ఆయన బయటికి వచ్చారు, భుజం మీద తువ్వాలు లేదు. ఆయన వాసన తోడుంటుందని దాన్ని లోపలే ఉంచమని డాక్టరమ్మే చెప్పిందట. చిన్న తలుపు గడియ పడింది. పైనున్న కిటికీలోంచి తొండం బయటికి వచ్చింది. గాల్లో ఇటు తిరిగింది, అటు తిరిగింది. ఆయన అందనంత దూరంలో లారీ పక్కనే నిలబడి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. మాట వినిపిస్తే అది కంగారు పడుతుందని.

లారీ వెళ్లిపోయింది. రాజ్యం అరవలేదు, గింజుకోలేదు. నాకు ఏడుపొచ్చింది. జరగాలనుకున్న మంచి పనే జరిగింది కదా, ఈ ఏడుపేమిటని నా మీద నాకే కోపం వచ్చింది.

తిరుగు ఆటోలో నోరు మూసుకుని ఉండాల్సింది, ఉండలేదు. "అక్కడ అడవి ఉంది, తోడు ఏనుగులున్నాయి. మంచే కదా బాబాయ్ గారూ" అన్నాను.

"మంచే. మంచి కాదని నానన్నానేటమ్మా? నాను ముందెల్లానని నమ్మి ఎక్కింది. అది ఎక్కినాక నాను దిగిపోనాను. ఆ కూసింతే" అన్నారు.

ఏనుగుల్ని జూలలో ఉంచకూడదన్న మాట మీద నేను ఇప్పటికీ ఉన్నాను. ఇంకొన్నేళ్లకు పిల్లలు జూలో ఏనుగును చూడరు, చూడకపోవడమే మేలు. కానీ ఏళ్ల తరబడి ఒక మనిషిని నమ్ముకుని బతికిన జంతువుకి స్వేచ్ఛ ఇవ్వాలన్నా, ఆ నమ్మకాన్ని వాడుకునే ఇవ్వాల్సి వచ్చింది. ఇంకో దారి ఉందేమోనని చాలా ఆలోచించాను, నాకు తోచలేదు. మీరెవరైనా అటు వెళ్తే ఒక్క సలహా: పిల్లలకు ఏనుగు లేదని బయల్దేరే ముందే చెప్పండి, తిరుగు ఆటోలు సాయంత్రం అయిదు దాటితే దొరకవు కాబట్టి పొద్దున్నే వెళ్లి రండి.

ఇదంతా రాసి పెట్టుకున్నాక డాక్టరమ్మకు ఫోన్ చేశాను. రాజ్యం బాగానే ఉందట. మేత తింటోందట, మిగతా ఏనుగులు దాన్ని దగ్గరికి రానిస్తున్నాయట. రాత్రిళ్లు మాత్రం కొత్త శాలలోకి అడుగు పెట్టడం లేదట, వానలోనూ గుమ్మం దగ్గరే నిలబడుతోందట. నూకరాజు గారిని ఒకసారి శిబిరానికి తీసుకెళ్దామని కారు పంపితే, ఆయన ఎక్కలేదట.

"నానెల్తే లోపలికి వొస్తాది డాక్టరమ్మా. మళ్లీ నాను వొచ్చీయాల కదా" అన్నారట.