బాబాయి వేసిన ఓటు

మా బాబాయికి లోకంలో ఏదీ ఊరికే జరగదు. మిరపతోటకి తామరపురుగు తగిలితే ఎవరో విదేశాలవాళ్లు డబ్బాల్లో తెచ్చి వదిలారంటాడు. కొత్త నోటు వచ్చినప్పుడు అందులో చిప్పు ఉందని నమ్మి, టీకొట్టు ముందు నిలబడి దాన్ని ఎండకేసి అటూ ఇటూ తిప్పి చూశాడు. కనపడలేదేమంటే, కనపడకుండా పెట్టడమే వాళ్ల తెలివట! ఆయన ఫోను పొద్దున్నే ఒక కుట్రతో మోగుతుంది. టిఫిను తినేలోపు అది మా వీధంతటికీ చేరిపోతుంది.

బాబాయి ఒక్కణ్ణే అని ఏం లాభం? మన దేశంలో గెలిచిన పార్టీకి ఓటింగ్ మిషన్ బంగారం, ఓడిన పార్టీకి అదే దొంగ. ఐదేళ్లు తిరిగేసరికి మాటలు తారుమారవుతాయి. బాబాయి అలా కాదు, ఎవరు గెలిచినా సమానంగా అనుమానిస్తాడు. ఆ నిజాయతీ నాకు ముచ్చటేస్తుంది. పైగా పురుగును తిట్టి ఏం ప్రయోజనం? ఎవరో చేశారనుకుంటే తిట్టుకోవడానికి కనీసం ఒక మనిషి దొరుకుతాడు.

అలాంటి ఇంట్లోంచి మా పిన్ని పంచాయతీ ఎన్నికల్లో వార్డు మెంబరుగా నిలబడింది. మా వార్డు ఆడవాళ్లకు కేటాయించారు. ఏళ్ల తరబడి మిరపకోతలకు కూలీలను కూడగట్టి, ఎవరిచేతా మాట పడకుండా నడిపిన మనిషి. వీధి చివరిదాకా కుళాయి నీళ్లు రప్పించాలని ఆవిడ పంతం. ఆవిడకు వచ్చిన గుర్తు గ్యాస్ పొయ్యి.

"చూశావా? వంటింట్లో పడుండమనే పొయ్యి ఇచ్చారు. ఎవరు గెలవాలో ముందే రాసేసుకున్నారే పిచ్చిదానా," అన్నాడు బాబాయి.

పిన్ని నవ్వేసింది గానీ, మర్నాడు కల్లంలో కాయలు తిరగేస్తూ నాతో మెల్లగా అంది. "గెలుపు సంగతి అట్టా ఉంచమ్మా. మీ బాబాయి నాకేస్తాడంటావా? ఓటెయ్యడమే దండగని ఊరంతా చెప్పుకు తిరుగుతున్నాడు."

ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. మిరప ఘాటు అంది. ముప్పయ్యేళ్లుగా ఆ కాయల మధ్య బతికిన మనిషికి ఘాటేమిటి! నాకు బాబాయి మీద ఒళ్లు మండింది.

పంచాయతీ ఎన్నికలకు మిషన్లు పెట్టలేదు. కాగితం మీద ముద్ర వేసి పెట్టెలో వెయ్యడమే. ఇక బాబాయి నోరు మూతపడుతుందనుకున్నాం. "కాగితమైతే మార్చెయ్యడం ఇంకా తేలిక," అన్నాడు.

పోలింగు అయిన సాయంత్రమే బడిలో లెక్కింపు. పిన్ని పక్కన ఆవిడ ఏజెంటుగా నేను కూర్చున్నాను. బయట కిటికీ ఊచలు పట్టుకుని బాబాయి. చివరికి అవతలి ఆవిడకీ పిన్నికీ సమానంగా ఓట్లు వచ్చాయి. చెల్లదని పక్కన పెట్టింది ఒకే ఒక్కటి. అధికారి దాన్ని మాకు చూపించారు. గ్యాస్ పొయ్యి మీద ముద్ర నిండుగా, చక్కగా పడింది.

"మరెందుకు చెల్లదండీ?" అన్నాను, గొంతు కాస్త పెంచే.

ఆయన కాగితం వెనక్కి తిప్పారు. అక్కడ, బ్యాంకు కాగితాల మీద పెట్టినట్టు, ఇంటిపేరుతో సహా బాబాయి సంతకం! ఓటు వేసిందెవరో తెలిసిపోతే ఆ ఓటు చెల్లదు.

"మార్చేస్తారని పెట్టానండీ! సంతకం ఉంటే ఎట్టా మారుస్తారు?" కిటికీలోంచి అరిచాడు బాబాయి.

గది గదంతా గొల్లుమంది. అవతలి ఆవిడ కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ సంతకం లేకపోతే పిన్ని ఈపాటికి గెలిచేసేది. చేసేదేముంది, రెండు చీటీలు రాసి స్టీలు గ్లాసులో వేశారు. అధికారి ఒకటి తీసి పిన్ని పేరు చదివారు. నేను వేసిన కేకకు ఆయన చేతిలో చీటీ జారిపోయింది.

"ఇందులో ఏదో ఉంది," అన్నాడు బాబాయి. కుట్ర మొదటిసారి తన ఇంటికి మేలు చేసేసరికి పాపం బిత్తరపోయాడు.

బయట దండ పట్టుకుని జనం నిలబడి ఉన్నారు. పిన్ని అటు వెళ్లకుండా అధికారి బల్ల దగ్గరికి నడిచింది.

"ఆ చెల్లని కాగితం నాకిస్తారా అండీ? దాచుకుంటాను."

"కుదరదమ్మా. కవర్లో పెట్టి సీలు వెయ్యాలి."

"ఆ కవరు ఎక్కడికి పోద్దో, ఎవరు విప్పుతారో..." కిటికీ దగ్గర బాబాయి అప్పుడే మొదలుపెట్టాడు.

"ఎక్కడికైనా పోనీలేవయ్యా," అంది పిన్ని, ముఖమంతా వెలిగిపోతూ. "నేను చూశానుగా."