కీ తగ్గిన పాట

నా సంగీత సర్వస్వం రెండే గ్రామఫోను ప్లేట్లు. ప్రపంచం తట్టుకోగలిగింది అంతే.

మొదటిది మద్రాసు వెళ్లి పాడి ఇచ్చాను, దేశానికి స్వాతంత్ర్యం వచ్చి మా సూర్యాపేటకు ఇంకా రాని రోజుల్లో. ప్లేటుకు ఒక వైపు మూడు నిమిషాలే పడుతుందన్నారు. మూడు నిమిషాలు నాకు గొంతు సవరించుకోవడానికే చాలవు. రాగం ఎత్తుకుని, సముద్రం జంకి వెనక్కి జరిగేంతగా ఆలాపన సాగించి, పల్లవి అందుకోబోయేసరికి టైమైపోయిందని ఎర్రదీపం వెలిగింది. అలా పాట లేని పాట ఒకటి లోకంలోకి వచ్చింది. కోదాడలో బస్సులు ఆగేచోట ఉన్న హోటలాయన దాన్ని కొన్నాడు. "పాట ఎప్పుడు మొదలవుద్దండీ?" అని అడిగినవాళ్లకల్లా, "ఇంకో టీ తాగండి, ఈలోపు వచ్చేస్తది," అని చెప్పి చెప్పి ఆయన మేడ కట్టేశాడు.

రెండో ప్లేటు మీద మాత్రం నా కాపురమే ఆధారపడింది. అప్పటికి నాకు పెళ్లయింది గాని, మిర్యాలగూడలో పల్లీల వ్యాపారం చేసే మా మామ బిడ్డను పంపడం లేదు. పాటగాని ఇంట్లో పొయ్యి వెలగదన్నది ఆయన సిద్ధాంతం. ఎంతో బతిమాలాక కాస్త మెత్తబడ్డాడు.

"నీ ప్లేటొకటి తే అల్లుడా. మొగోడు పాడినట్టుంటే పంపుత. లేకుంటే లే."

పోలీసు చర్య ముగిసి దారులు తెరుచుకోగానే మళ్లీ మద్రాసు పరుగెత్తాను. ఈసారి పల్లవి తప్పిపోకూడదని ఊపిరి తీసుకోకుండానే అందుకున్నాను. ఆ తొందరలో శ్రుతి ఎంత పైకి పోయిందంటే, ఆకాశంలో గద్దలు దారి తప్పాయి.

ప్లేటు పట్టుకుని మిర్యాలగూడ చేరాను. మామ ఇంట్లో గ్రామఫోను పెట్టె ఉంది. దానికి కీ ఇచ్చే పని నా భార్యది. నిండా కీ ఇచ్చి ముల్లు పెట్టింది. నా గొంతు లేచింది. గోడ మీది బల్లులు మూకుమ్మడిగా ఇల్లు ఖాళీ చేశాయి.

"ఏందల్లుడా గిది? తలుపు సందుల పిల్లితోక పడ్డట్టున్నది! బంద్ చెయ్ బిడ్డా."

నా కాపురం అక్కడితో ఖతం అనుకున్నాను. ఆమె మాత్రం తొణకలేదు.

"కీ సక్కగ ఇయ్యలే నాయనా. జర ఆగు, మళ్ల పెడ్త."

ఈసారి పిడిని తిప్పీ తిప్పనట్టు తిప్పి వదిలేసింది. ప్లేటు కడుపునిండా మేసిన బర్రెలా బరువుగా కదిలింది. నా కీచుగొంతు పాతాళానికి దిగి, అక్కడి నుంచి ఉరుములా పలికింది. అంతటి గంభీరమైన మనిషి నాలో కాపురముంటున్నాడని నాకే తెలియదు.

మామ కళ్లు మూసుకుని తొడ మీద తాళం వేశాడు. "గిప్పుడు గదా మొగోడు పాడుతున్నడు! పోయి పెట్టె సర్దుకో బిడ్డా."

ఆమె పెట్టె పొద్దున్నే సర్దుకుంది.

మా ఎడ్లబండి ఊరు దాటాక ఉండబట్టలేక అడిగాను. "నీకు కీ ఇయ్యరాదా?"

"నిండ ఇస్తే నన్ను పంపునా?" కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. "నాయన కోసమని తగ్గిచ్చిన. నాకు తగ్గియ్యకు. నీ అసలు గొంతుతోని ఒకటి పాడు, నేనింట."

పాడాను. ఎడ్లు ఒక్కసారి చెవులు నిక్కించి పరుగందుకున్నాయి. ఆ రోజు మేం సూర్యాపేట చేరినంత తొందరగా ఈనాటికీ ఏ బస్సూ చేరలేదు.