ఎర్తు తీగకి ఒక బిందె నీళ్లు

మా చిన్నప్పుడు... రేడియో వెనక రెండే తీగలు. ఒకటి పైకి, ఒకటి కిందికి.

పైది ఏరియల్. రాగితీగతో అల్లిన పట్టీ... పెంకుటింటి మీద రెండు వెదురుగడల మధ్య బిగించి కట్టేవాళ్లు. మాట అందులోంచి దిగేది. కిందది ఎర్తు. పెరట్లో కుడితి గోలెం పక్కన పాతిన ఇనపఊచకి చుట్టి ఉండేది. ఆ చోట నేల ఎప్పుడూ తడిగా ఉండాలి. ఆరిపోతే రేడియో గుర్రుమంటుంది తప్ప పలకదు. అందుకే మా అమ్మ గిన్నెలు కడిగిన నీళ్లు అక్కడే పోసేది. "రేడియోకి దాహమేస్తాది గుంటడా" అనేది. నిజమే అనుకునేవాణ్ణి...

నరసన్నపేట దగ్గర పల్లెటూరు మాది. కరెంటు లేదు. ఇటుకంత బ్యాటరీ మీద నడిచేది రేడియో. మా అయ్య తప్ప ఇంకెవరూ దాన్ని ముట్టుకోకూడదు.

అమ్మకి ఒక్కడే తమ్ముడు... మా మావ. జముకుల కథ చెప్పే జట్టులో వంత పాడేవాడు. జముకంటే తెలియని వాళ్లకి చెబుతున్నాను... తోలు బిగించిన చిన్న వాయిద్యం, దాని తీగ లాగితే గుమ్మని మోగుతుంది. ఒక ఏడు మా పొలం దమ్ముకి ఎడ్లు తోలుకొస్తానని మాటిచ్చి, మావ కథ చెప్పడానికి పోయాడు. మా నాట్లు వెనకబడ్డాయి. అప్పటి నుంచి అయ్యకీ మావకీ మాటల్లేవు. రెండు కోతలు గడిచిపోయినా అమ్మ పుట్టింటి గడప తొక్కలేదు. తమ్ముడి గొంతు వినలేదు...

ఆ ఎండాకాలం పక్కింటావిడ సంత నుంచి వస్తూ కబురు తెచ్చింది. "ఒలమ్మో, నీ తమ్ముడి జట్టు పాట రేడియోలో వస్తాదట! సుక్కురారం సాయంత్రం!"

శుక్రవారం అమ్మ పెందలాడే వంట ముగించి రేడియో ముందు కూర్చుంది. అయ్య మంచం మీద. ఇద్దరి మధ్యా చెయ్యి చాపితే అందేంత దూరం. అయినా నేరుగా మాటల్లేవు, నడుమ నేనే...

"ఒరే, రేడియో ఎట్టమని మీ అయ్యకి సెప్పు."

"ఎడతాను గానీ, ఎవుడి కోసమో కాదని మీ అమ్మకి సెప్పు."

అయ్య మీట తిప్పాడు. గుర్రు... గుర్రు తప్ప ఏమీ లేదు.

పాట వినడానికి వచ్చిన వాళ్లందరూ పైకి చూశారు. ఒకడు ఇంటిమీదకి ఎక్కాడు. "గడని ఇశాపట్నం ఏపు తిప్పరా!" అని కింద నుంచి కేకలు. తిప్పాడు. ఒక పెంకు విరిగింది. చుట్ట నిప్పు నోటి లోపలికి పెట్టి అడ్డపొగ కాలుస్తున్న ఎదురింటి ముసలమ్మ దాన్ని బయటికి తీసి, "దిగరా బాబూ! పాట రాదు గానీ పెంకులన్నీ వచ్చేస్తన్నాయి!" అంది. అందరూ నవ్వారు. అమ్మ నవ్వలేదు.

కింద తీగ సంగతి ఎవరికీ తట్టలేదు. ఆ ఏడు నుయ్యి అడుగంటిపోయింది. ఏటి చెలమ దాకా నడిచి బిందెతో తెచ్చుకోవడమే. గిన్నెలు కడిగిన నీళ్లు కూడా పశువులకే. ఎర్తు దగ్గర నేల నెర్రెలిచ్చింది...

అమ్మకి తట్టింది. వంటింట్లో ఉన్న ఒక్క బిందె వైపు చూసింది. తాగే నీళ్లు. అడగలేక తల దించుకుంది.

ఆ చూపు కనిపెట్టి అయ్య లేచాడు. ఆ బిందె ఎత్తుకుని పెరట్లోకి వెళ్లి, ఊచ మొదట్లో మొత్తం కుమ్మరించాడు.

నేల నీళ్లు పీలుస్తున్న కొద్దీ గుర్రు తగ్గింది... వెనక నుంచి సన్నగా, గుమ్... గుమ్... జముకు! అందరూ కథ చెప్పేవాడి గొంతు వింటున్నారు. అమ్మ మాత్రం ఆ వెనక వంత కోసం చెవి ఒగ్గి కూర్చుంది. అది రాగానే పమిట నోటికి అడ్డం పెట్టుకుంది. "ఆడే... ఆడే" అంది.

అయ్య ఖాళీ బిందె పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయాడు. పాట అయ్యాక నాతో అన్నాడు, "మీ మావ వంత రెండుసోట్ల తప్పేడు. ఒకపాలి ఇటొచ్చి ఎల్లమని మీ అమ్మని కబురెట్టమను. నేను సెప్తాను ఆడి సంగతి."

అమ్మ నా వైపు చూడలేదు. నేరుగా అయ్యతోనే, "నువ్వే కబురెట్టు" అంది. ఆయన చేతిలో బిందె తీసుకుని నీళ్లకి వెళ్లింది...

తర్వాత మా ఇంటికీ టీవీ వచ్చింది. సీడీలు వేసే పెట్టె వచ్చింది. మూడు తీగలు. పసుపుది బొమ్మకి, ఎరుపూ తెలుపూ మాటకి. ఏ రంగు తీగ ఆ రంగు కన్నంలోనే పెట్టాలి. చదువు లేకపోయినా ఎవరూ చెప్పకుండానే నేర్చుకున్నాను. వీధిలో ఎవరింట్లో బొమ్మ మూగబోయినా నన్నే పిలిచేవాళ్లు.

మొన్న కొత్త టీవీ కొన్నాం. మనవరాలు వెనకాల ఒకే ఒక్క నల్లతీగ పెట్టి ఊరుకుంది. "మిగతావేయే?" అన్నాను. "ఇందులోనే బొమ్మా మాటా రెండూ వచ్చేస్తాయి తాతా" అంది. నిజమే, వచ్చేశాయి. మాట ఖంగుమంటోంది... ఎక్కడా గుర్రు లేదు.

"మరి నేలకెల్లే తీగేదే?" అన్నాను. పిల్ల పడీపడీ నవ్వింది.

నవ్వనీ. తీగలకి ఇప్పుడు దాహం లేదు. ఎంత కోపం ఉన్నా, ఉన్న ఒక్క బిందె ఎత్తుకుని పెరట్లోకి వెళ్లే మనిషిని మాత్రం మళ్లీ చూడలేదు నేను...

మీ ఇంట్లో రేడియోకి నీళ్లు ఎవరు పోసేవారు? గుర్తుంటే రాయండి.