లైకమ్మ దారి తప్పిన ఉదయం

సంతోషకుమారికి ఇంగ్లీషు రాదు. పక్కింటి లైకమ్మకు తెలుగు రాదు. అయినా ఏడాదిన్నరగా ఇద్దరూ పొద్దున తొమ్మిదింటికల్లా గేటు దగ్గర కలుసుకుని షానన్ ఏటిగట్టున నడిచేవారు.

లైకమ్మ అసలు పేరు లై క్యూన్. హాంకాంగ్ నుంచి పెళ్లయి ఐర్లండ్‌లోని ఈ అత్లోన్ ఊరికి వచ్చి నలభై అయిదేళ్లు దాటింది. మొగుడితో కలిసి ఊళ్లో, వండిన తిండి పొట్లాం కట్టి ఇచ్చే టేకవే కొట్టు నడిపింది. ఆయన పోయాక కొట్టు మూసేసి డెబ్బై ఎనిమిదేళ్ల వయసులో ఒక్కతే ఉంటోంది. కూతురు వెండీ ఉద్యోగం డబ్లిన్ పక్కన శాండీఫోర్డ్‌లో. సంతోషకుమారి రేపల్లెలో మిషన్ హాస్టలు పిల్లలకు ముప్పై ఏళ్లు వండిపెట్టింది. కూతురు జెమీమా ఇక్కడ ముసలివాళ్లను చూసుకునే నర్సింగ్ హోంలో నర్సు కావడంతో మనవరాలిని చూసుకోవడానికి వచ్చింది. ఇద్దరూ గరిటె పట్టినవాళ్లే. లైకమ్మ మాంసం కూరి పిండి పొట్లాలు మడుస్తుంటే సంతోషకుమారి పక్కన కూర్చుని తానూ మడిచేది. తన వేళ్లు నిదానమైతే లైకమ్మ పకపకా నవ్వేది.

కొన్నాళ్లుగా లైకమ్మ నోట ఇంగ్లీషు తగ్గిపోతోంది, చైనా మాటలే మిగులుతున్నాయి. సంతోషకుమారికి అది తెలిసే వీలు లేదు. ఆమెకు రెండూ ఒకటే.

నవంబరులో ఒకరోజు మంచు దట్టంగా పట్టింది. ఎప్పుడూ నడిచే గట్టుకు మరమ్మతులని కంచె అడ్డం పెట్టారు. లైకమ్మ ఒక్క క్షణం ఆగి, పక్కనున్న ఇళ్ల సందులోకి తిరిగింది. సంతోషకుమారి ఎప్పటిలాగే ఆమె వెనకే వెళ్లింది. ఒక సందు దాటి ఇంకో సందు. అన్నీ ఒకేలాంటి ఇళ్లు, ఒకేలాంటి చెత్తడబ్బాలు. కాసేపటికి, ఇందాక చూసిన ఎర్ర కారే మళ్లీ కనబడింది.

లైకమ్మ నిలబడిపోయింది. వెనక్కి తిరిగి సంతోషకుమారిని ఏదో అడిగింది. అర్థం కాలేదు. అదే మాట మళ్లీ అడిగింది. ఆ కళ్లు చూడగానే సంతోషకుమారికి సంగతి తెలిసిపోయింది. తాను ఇన్నాళ్లూ ఎవరి వెనక నడిచిందో ఆ మనిషికే దారి తెలియడం లేదు.

"ప్రభువా, ఇప్పుడెట్టా?" అంది పైకే.

ఇంటి నంబరు తెలియదు. నీలం తలుపు ఇల్లని గుర్తు, అంతే. జెమీమా అడ్రసు రాసిచ్చిన కాగితం వంటింట్లో అలమర మీద ఉండిపోయింది. ఫోను ఛార్జింగులో ఉంది. ఒక ఇంటి తలుపు కొట్టింది, ఎవరూ తీయలేదు. ఇంకో తలుపు కొట్టి వెనక్కి చూసేసరికి లైకమ్మ లేదు.

పరుగున సందు చివరికి వెళ్లింది. అక్కడ పడవలు దింపే వాలు, దాని కింద నీళ్లు. లైకమ్మ ఎవరినో పిలుస్తూ ఆ వాలు మీద దిగుతోంది. సంతోషకుమారి అరిచింది. లైకమ్మ ఆగలేదు. సంతోషకుమారి నాచు పట్టిన రాయి మీద కాలు జారుతూనే వెళ్లి ఆమె కోటు చెయ్యి దొరకబుచ్చుకుంది. లైకమ్మ విదిలించింది. బక్క మనిషికి అంత బలం ఎక్కడిదో! ఇద్దరి బూట్లలోకీ నీళ్లొచ్చాయి.

"వద్దమ్మా, నా తల్లివి గదా, రా," అని బతిమాలుతూ, రెండు చేతులా వాటేసుకుని పైకి లాగింది.

గట్టు మీద కూలబడి రొప్పుతూ నీళ్లవంక చూసింది. ఒక ఆకు కొట్టుకుపోతోంది. కాలవల మధ్య పుట్టిన మనిషికి అప్పుడు తట్టింది: రోజూ ఇంటినుంచి ఏటికి ఎదురు నడిచేవాళ్లం, కాబట్టి నీళ్లు పోయేవైపే ఇల్లు. లైకమ్మ మోచెయ్యి పట్టుకుని, ఏటిని కంటినుంచి జారిపోనివ్వకుండా నడిచింది. ఆ అరగంటలో ఎన్ని ప్రార్థనలు చేసిందో లెక్కలేదు. మంచులోంచి రోజూ చూసే తెల్లటి రైలు వంతెన, దాని వెనక ఊళ్లోని పాత కోట గోడ తేలాక గాని ఊపిరి ఆడలేదు. కోట చూడగానే లైకమ్మ ముఖంలోకి మనిషి తిరిగొచ్చింది. తడిసిన బూట్లు చూసుకుంది. గేటు దగ్గర సంతోషకుమారి చేతులు పట్టుకుని, వేలు పెదవులమీద పెట్టుకుంది. ఎవరికీ చెప్పొద్దని.

సంతోషకుమారి చెప్పలేదు. పన్నెండు రోజులు ముద్ద దిగలేదు. పదమూడో రోజు లైకమ్మ వంటింట్లో నూనె మూకుడు పొగలు కక్కుతుంటే, ఆమె దాని ముందే నిలబడి కిటికీలోంచి బయటికి చూస్తోంది. సంతోషకుమారి పొయ్యి కట్టేసి, తిన్నగా ఇంటికొచ్చి కూతురికి అంతా చెప్పేసింది.

"ఇన్ని రోజులు ఎట్టా దాచావమ్మా? ఏట్లో పడుంటే?" జెమీమా ముఖం పాలిపోయింది.

"మాటిచ్చానే. చేతులు పట్టుకుంది."

వెండీ ఆ సాయంత్రమే వచ్చింది. పొయ్యికి గ్యాసు రాకుండా చేయించింది. బయటి తాళం చెవులు తీసేసుకుంది. మధ్యాహ్నం గంటసేపు ఒకామె వచ్చి అన్నం వేడిచేసి పెట్టి వెళ్లేలా ఏర్పాటు చేసింది. లైకమ్మ కిటికీలోంచి సంతోషకుమారిని ఒక్క చూపు చూసి తెర లాగేసింది.

నెల తిరిగేసరికి ఆమె మునుపటి మనిషి కాదు. తల దువ్వుకోదు, పలకదు. కుర్చీలో కూర్చుని ఖాళీ వేళ్లతో ఒళ్లో ఏదో మడుస్తూ ఉండేది. అది చూసొచ్చి సంతోషకుమారి ఏడ్చింది.

"నేనే చంపుతున్నానే దాన్ని."

"నువ్వు కాదమ్మా. మా నర్సింగ్ హోంలో రోజూ చూస్తా. చేతిలో పని, కాలికి నడక, పలకరించే మనిషి పోతే తొందరగా జారిపోతారు. వెండీతో నేను మాట్లాడతా."

వెండీ తల్లిని జీపీ దగ్గరికి, అంటే వీధి డాక్టరు దగ్గరికి, తీసుకెళ్లింది. ఫోనులో దుబాసీని పెట్టి చైనా భాషలోనే పరీక్ష చేయించారు. మతిమరుపు మొదలైంది, కానీ తొలిమెట్టులోనే ఉందన్నారు. నడక, వంట, నలుగురితో కలవడం ఆపొద్దన్నారు. దానివల్ల నెమ్మదించవచ్చు గాని, ఖాయమని మాత్రం చెప్పలేమన్నారు.

"మళ్లీ ఏటివైపు పోతే ఎవరు చూస్తారు?" అని వెండీ అడిగింది. జెమీమా ఆ మాట తెలుగులో చెప్పింది.

సంతోషకుమారికి ఆ వాలు, ఆ నల్లటి నీళ్లు కళ్లముందు కదిలాయి. "నేను చూసుకుంటానని చెప్పవే," అంది. తన గొంతు తనకే కొత్తగా వినిపించింది.

ఆరోజునుంచి చదువు మొదలుపెట్టింది. ఇంటి నంబరు, వీధి పేరు, రెండు ఫోను నంబర్లు ఇంగ్లీషులో, కీర్తన వల్లించినట్టు, అంట్లు తోముతూ వల్లించింది. "హెల్ప్ ప్లీజ్. షీ ఫర్‌గెట్." అద్దం ముందు చెప్పుకుంది. జెమీమాతో కలిసి సందులన్నీ తిరిగి ఏది ఎక్కడ తేలుతుందో చూసుకుంది. వెండీ ఒప్పుకుని, పొయ్యికి గ్యాసు మళ్లీ పెట్టించి, తాళం చెవులు సంతోషకుమారి చేతికిచ్చింది. మళ్లీ నడక మొదలైన రోజు లైకమ్మ గేటుదాకా వచ్చి, తల తిప్పుకుని నిలబడింది. చాలాసేపటికి గాని చెయ్యి అందివ్వలేదు.

ఇది జరిగి ఏడాది కావస్తోంది. ఇప్పుడు సంతోషకుమారి వెనక నడవదు, ఏటివైపు తాను ఉండి పక్కన నడుస్తుంది. వంటింట్లో పొయ్యి తాను వెలిగిస్తుంది, మడవడం లైకమ్మ పని. మంచి రోజులున్నాయి. లైకమ్మ సంతోషకుమారిని ఇంకెవరో అనుకుని కొత్త పేరుతో పిలిచే రోజులూ ఉన్నాయి. ఆ పేరుకు కూడా పలకడం నేర్చుకుంది.

భయం మాత్రం పోలేదు. మొన్న తన వంటింట్లోనే అలమర తలుపు తీసి, ఏం కావాలని తీసిందో గుర్తురాక చాలాసేపు నిలబడిపోయింది. జెమీమా షిఫ్ట్ దిగి రాగానే చెప్పింది.

"అందరం మరుస్తామమ్మా, నేను మర్చిపోనా?" అంది జెమీమా, కోటు విప్పుతూ. కాని చెబుతున్నంతసేపూ తల్లి ముఖంలోకి చూడలేదు. అన్నం తిన్నాక మాత్రం, "సోమవారం జీపీకి ఫోన్ చేద్దాం, ఊరికే," అంది.

సంతోషకుమారి సరేనంది. మర్నాడు తొమ్మిదింటికి చినుకులు పడుతున్నాయి. కోటు గుండీలు పెట్టుకుని బయటికొచ్చి, లైకమ్మ తలుపు కొట్టింది.