వడగుడ్డ దులిపిన చోట

ఐగిల్ థోరుప్ ముప్ఫై ఒక్క ఏళ్ళు పాలకేంద్రంలో వడపోత యంత్రాల దగ్గర పనిచేశాడు. గ్లాసు అడుగున ఏ కాస్త నలుసు కనబడినా ఆయనకు ముద్ద దిగేది కాదు. పని మానేశాక ఓడెన్సే నగర శివారులో, మేమందరం కూరగాయలు పండించుకునే తోటల వరసలో ఒక మడి తీసుకున్నాడు. అందులోని చెక్క గదిలో బీరు కాచడం మొదలుపెట్టాడు. మా మడి ఆయన మడికి ఎదురుగా ఉండేది.

బీరు కాచేవాళ్ళు మా తోటల్లో ఇంకా ఉన్నారు కానీ ఆయనంత నిష్ఠగా వడకట్టేవాళ్ళు లేరు. మొలకెత్తించిన బార్లీతో తీసిన మాల్టు రసంలో చేదుకోసం హాప్స్ పూలు వేసి గంటసేపు మరిగించాక, పొయ్యి ఆర్పి, పొడుగు గరిటెతో ఒకే వైపు గిరగిరా తిప్పి మూత పెట్టేవాడు. ఇరవై నిమిషాలకు మడ్డంతా నడిమధ్య కుప్పలా చేరేది. అప్పుడు గిన్నె అంచునుంచి గొట్టంతో తేటను లాగి, జల్లెడ మీద పరిచిన పలచటి గుడ్డలోంచి పోసేవాడు. గుడ్డను మాత్రం పిండేవాడు కాదు. పిండితే చేదు దిగుతుందట.

పక్కమడి బిర్తె డామ్‌గోర్ ఆదివారాలు కంచె దగ్గరకొచ్చి ఒక గ్లాసు పుచ్చుకునేది. గ్లాసును ఎండకెత్తి చూసి, "ఇది తాగడానికా ఐగిల్, ఇందులోంచి పేపరు చదువుకోడానికా?" అనేది. ఆ మాటకు ఆయన వారమంతా మురిసిపోయేవాడు.

బిర్తె ఒంటరిది. సోఫుస్ అనే గోధుమరంగు లాబ్రడార్ ఆమెతోనే ఉండేది. తొమ్మిదేళ్ళ కుక్క. తిండిపోతు. మడుల మధ్య కంచెగా పెంచిన పొదల సందులోంచి దూరి అందరి మడులూ చుట్టబెట్టేది. మా మడిలో స్ట్రాబెర్రీలు పండితే ముందు రుచి చూసేది అదే.

ఆ జూన్‌లో ఒక శనివారం ఎండ మండిపోతోంది. ఐగిల్ పొద్దున్నే కాచడం మొదలుపెట్టాడు. వడకట్టాక గుడ్డలో మిగిలిన హాప్స్ పిప్పిని ఎప్పుడూ ఎరువుకుప్పలో వేసి పైన మట్టి కప్పేవాడు. ఆ రోజు రసం చల్లారిపోతోంది, ఈస్టు కలపాలన్న తొందరలో గుడ్డను కుప్పమీద దులిపేసి లోపలికి పరుగెత్తాడు. తియ్యటి మాల్టు వాసన వేసే పచ్చటి పిప్పి, రెండు దోసిళ్ళుంటుందేమో.

మధ్యాహ్నం బిర్తె కేక విని ఐగిల్, నేను పరుగెత్తాం. సోఫుస్ మొక్కలు పెంచే గాజుగది తలుపు దగ్గర కట్టేసి ఉంది. కూర్చోలేకపోతోంది, నిలబడలేకపోతోంది. నాలుక బయటపెట్టి ఆగకుండా ఎగరోజుతోంది. ఒళ్ళు పొయ్యిలా కాలుతోంది. తడి తువాళ్ళు చుట్టి ఐగిల్ కారులోనే పశువుల ఆస్పత్రికి తీసుకెళ్ళారు. ఒంటివేడి నలభై రెండు సెల్సియస్ డిగ్రీలు దాటిందట. ఎండలో ఉందా అని డాక్టరమ్మ అడిగితే, మడులన్నీ తిరిగొచ్చాక కట్టేసి గంటసేపు మరిచిపోయానని, ఈలోగా నీడ జరిగిపోయిందని బిర్తె చెప్పింది. ఏమన్నా తిన్నదా అంటే లేదంది. ఐగిల్ గోడకానుకుని నిలబడ్డాడు. అప్పటికి ఆయనకూ ఏమీ తెలియదు. అయిదు కాకముందే కుక్క పోయింది.

బిర్తెను ఇంట్లో దింపి తోటకు తిరిగొచ్చాక ఐగిల్ చూశాడు. ఎరువుకుప్ప చెదిరి ఉంది. మెత్తటి మట్టిలో పంజాల గుర్తులు. పిప్పి వేసినచోట నాకినట్టు ఖాళీ. ఆయనకు ఏదో గుర్తొచ్చి చెత్తడబ్బాలోంచి హాప్స్ పొట్లం తీసి వెనక్కి తిప్పాడు. చిన్న అక్షరాల్లో ఉంది, కుక్కలకు అందకుండా ఉంచమని. నాలుగేళ్ళుగా అదే పొట్లం కొంటున్నాడు. ఏనాడూ వెనకవైపు చదవలేదు.

అప్పుడు ఆయన చేసిన పని పార తీసి ఆ కుప్పను తలకిందులు చేయడం. పంజాల గుర్తులన్నీ మట్టిలో కలిపేశాడు. నేను కంచె అవతలనుంచి ఏమన్నా నాటుతున్నావా అని అడిగాను. అవునన్నాడు. ముఖం పాలిపోయి ఉంది. కుక్క పోయిన బెంగ అనుకున్నాను.

ఆ తర్వాత ఆయన వరస మారిపోయింది. బిర్తె గాజుగదికి పగిలిన అద్దం వేశాడు. ఆమె పాదులకు నీళ్ళు పోశాడు. పొద్దున్నే బేకరీ నుంచి ఆమెకూ రొట్టెలు తెచ్చేవాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరు కుక్క మాటెత్తినా లేచి వెళ్ళిపోయేవాడు. ఎండదెబ్బే కావచ్చు కదా అని తనకు తానే చెప్పుకునేవాడట. ఆ మాట ఒక పూట కూడా నిలిచేది కాదు. అన్నిటికన్నా ఆయనను కోసింది, బిర్తె అందరితోనూ ఐగిల్ లాంటి పొరుగువాడు దొరకడని చెప్పుకోవడం.

ఆగస్టు చివర్లో బిర్తె కూతురు లోనె ఒక కుక్కపిల్లను తెస్తానంది. బిర్తె ఒప్పుకోలేదు. నోరులేని జీవాన్ని ఎండలో మరిచిపోయే మనిషికి ఇంకో ప్రాణం అప్పగించకూడదని ఏడ్చిందట. లోనె ఆ మాట ఐగిల్‌కు చెప్పి, మీరన్నా నచ్చజెప్పండని బతిమాలింది.

మర్నాడు పొద్దున ఆయన బిర్తె వరండాలోకి వెళ్ళాడు. ఆమె కాఫీ పోసింది. ఆయన కప్పు ముట్టుకోలేదు.

"సోఫుస్‌ను చంపింది ఎండ కాదు బిర్తె," అన్నాడు. "నేను పారేసిన హాప్స్ తిన్నది. అవి కుక్కలకు విషం. అంతకుముందు నాకు తెలియదు. ఆ సాయంత్రమే తెలిసింది."

బిర్తె తన కప్పు కింద పెట్టింది.

"ఏ సాయంత్రం?"

"అదే రోజు."

"అంటే జూన్ నుంచి తెలుసు." ఆమె గొంతు పెరగలేదు. "నేను నీ భుజమ్మీద పడి ఏడ్చాను. నా చేతులతో చంపుకున్నానన్నాను. నువ్వు నా వీపు నిమిరావు."

"నిమిరాను."

"తెలియక చేసినదానికి నేను నిన్నేమీ అనను. కానీ ఈ మూణ్ణెల్లూ ఆ పాపం నా నెత్తిన పెట్టావే, అది తెలిసే పెట్టావు. లే, ఇంటికి పో."

ఈ మాటలన్నీ తర్వాత ఐగిలే నాకు చెప్పాడు. ఒక్కటి కూడా తగ్గించి చెప్పలేదనే అనుకుంటాను.

ఆ శీతాకాలమంతా బిర్తె ఆయనతో మాట్లాడలేదు. పొదలోని సందుకు తీగ వల తనే బిగించుకుంది. సాయం చేయబోతే చెయ్యి అడ్డంపెట్టింది. ఐగిల్ నవంబరు దాకా పొయ్యి వెలిగించలేదు. మళ్ళీ మొదలుపెట్టాక వడకట్టిన పిప్పినీ మడ్డినీ మూతబిగించే బకెట్లో పోసి, ఇంటికి పట్టుకెళ్ళి, కాల్చే చెత్తలో వేసేవాడు.

మార్చిలో తోటల సంఘం సర్వసభ్య సమావేశంలో ఆయన లేచి నిలబడ్డాడు. నలభై మంది ముందు జరిగిందంతా చెప్పాడు, పారతో మట్టి కలిపిన సంగతితో సహా. ఎవరో వెనకనుంచి, ఇప్పుడెందుకు ఇదంతా, అన్నారు. మూడో వరసలో ఉన్న బిర్తె వెనక్కి తిరక్కుండానే, "చెప్పనివ్వండి," అంది. తర్వాత తనే లేచి, కుక్క ఎలా రొప్పుతుందో, ఒళ్ళు ఎలా కాలుతుందో చెప్పింది. ఎండలో లేకపోయినా అలా కనిపిస్తే హాప్స్ మాట డాక్టరుకు చెప్పమంది. బీరు కాచేవాళ్ళు ముగ్గురు తలలు దించుకుని విన్నారు. పిప్పిని ఆరుబయట పారేయకూడదని ఆ రోజే నిబంధన రాసుకున్నాం. నా చేత్తోనే రాశాను.

వేసవికి బిర్తె ఒక ఆడ కుక్కపిల్లను తెచ్చుకుంది, నల్లటిది, పేరు విగ్గా. ఒకరోజు ఆమె నీళ్ళ గొట్టం బిగించుకోడానికి వెళ్తూ, పట్టుకో అని దాని తాడు ఐగిల్ చేతికిచ్చింది. పది నిమిషాలు. ఆయన కదలకుండా, రెండు చేతులతోనూ పట్టుకుని నిలబడ్డాడు. ఆమె తిరిగొచ్చి తాడు తీసుకుంది, థాంక్స్ కూడా చెప్పలేదు.

ఇప్పుడు మాట్లాడుకుంటారు. వాన గురించి, బంగాళాదుంపల గురించి. ఆయన బీరును మాత్రం బిర్తె మళ్ళీ తాగలేదు. ఆయనా పొయ్యబోలేదు.